కోడూరు ఎటండీ?

మా రామచంద్రమూర్తిగారికి చలికాలంలో దారి తెలియదు.

వేసవిలో తెలుస్తుంది. వానాకాలంలో, ఏది రోడ్డో ఏది కాలవో తేలని రోజుల్లో కూడా తెలుస్తుంది. కార్తీకమాసం వెళ్లి, కోత మిషన్లు చేలల్లోకి దిగి, తెల్లవారుజామున మంచు పట్టడం మొదలైన దగ్గర్నుంచి మాత్రం ఆయనకు కోడూరు ఎటో తెలియదు. ఆ కోడూరులోనే ఆయన ఇరవై రెండేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. ఇల్లు బందరు చిలకలపూడిలో. రోజూ మోటారుసైకిలు మీద చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా వెళ్లి రావడం. రానూ పోనూ కలిపి ఆ దారిన తొమ్మిదివేల ఆరువందల సార్లు తిరిగారు. ఆ లెక్క కూడా ఆయన చెప్పిందే.

అయినా సరే, డిసెంబరులో తెల్లవారుజామున రోడ్డు పక్కన ఎవరు కనబడితే వాళ్ల దగ్గర బండి ఆపుతారు. హారను రెండుసార్లు కొడతారు. "బాబూ, కోడూరు ఎటండీ?" అంటారు.

ఆయన్ని మహానుభావుడని రాయబోవడం లేదు. ఆ మాట విగ్రహానికి దండ వేసే రోజున వాడుకోవచ్చు. ఆయన నిక్షేపంలా ఉన్నారు, నిన్న సాయంత్రం కూడా మా ఇంటికొచ్చి కాఫీలో పంచదార తక్కువైందని చెప్పి వెళ్లారు. నవ్వించడానికే రాస్తున్నాను. కాకపోతే రాస్తున్నంతసేపూ నా చెవులు వేడెక్కుతున్నాయి. ఎందుకో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

నేను అవనిగడ్డలో ఒక డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక గోడ. "ఎటూ అటే వెళ్తున్నాను, వెనక కూర్చోండి లెక్చరరు గారూ" అని ఆయనే పిలిచారు. అలా రెండు చలికాలాలూ, మూడో చలికాలంలో కొన్నాళ్లూ ఆయన వెనక కూర్చున్నాను. మా కాలేజీ తొమ్మిదిన్నరకు. ఆయన బయల్దేరేది ఐదింటికి. పదో తరగతి పిల్లలకు ఎనిమిదింటికి స్పెషల్ క్లాసు ఉంటుందనుకోండి. అయినా నలభై ఎనిమిది కిలోమీటర్లకు మూడు గంటలు ఎందుకని అడిగాను.

"దారి కనుక్కుంటూ వెళ్లాలి కదండీ" అన్నారు. హాస్యమనుకున్నాను.

ముందు ఆయన వేషం చెప్పాలి. బందరులో చలి అంటే ఎంత? పద్దెనిమిది డిగ్రీలు. కశ్మీరు వాళ్లు వింటే లాల్చీ కుట్టించుకుంటారు. దానికి ఈయన సోమవారం ఆకుపచ్చ మంకీక్యాపు పెడతారు. మంగళవారం అది తీసేసి ఎర్ర మఫ్లరు తలపాగాలా చుడతారు. బుధవారం వాళ్లావిడ శాలువా. గురువారం, వానచుక్క లేకపోయినా, రెయిన్‌కోటు. శుక్రవారం స్వెట్టరును వెనక్కి తిప్పి వేసుకుంటారు, బొత్తాలు వీపు మీద. శనివారం నా మఫ్లరు అడుగుతారు. వీటన్నిటి మీదా హెల్మెట్టు.

"చలి వారానికి ఆరు రకాలుగా ఉంటుందా మాస్టారూ?" అన్నాను.

"టైంటేబుల్ ఉండాలండీ. స్కూల్లో ఉంది, ఒంటికి ఉండొద్దూ?"

ఆ పాత బండి కూడా ఆయనలాంటిదే. చోక్ లాగి పదిహేను, ఇరవై కిక్కులు కొడితే గాని దానికి తెల్లారదు. కిక్కుకొక ఎక్కం చదివేవారు. పదిహేడో ఎక్కం దగ్గర సాధారణంగా స్టార్టయ్యేది. ఒకరోజు పన్నెండులోనే స్టార్టయితే, అనుమానంగా చూసి, ఆపి, మళ్లీ మొదలుపెట్టారు.

మొదటిరోజు చల్లపల్లి దాకా బాగానే వెళ్లాం. చల్లపల్లి దాటాక మంచు. మిషను కోసిన పచ్చి ధాన్యం సగం రోడ్డు మీద ఆరబోసి ఉంది. అంచున రాళ్లు, తాటిదుంగలు. తేమ తగ్గితే గాని కొనేవాళ్లు ముట్టుకోరు కాబట్టి డిసెంబరంతా ఆ రోడ్డు సగం రోడ్డు, సగం కళ్లం. రాశి పక్కన, తారు మీదే, దుప్పటి ముసుగుతో ఒక మనిషి. పశువులు ధాన్యం తినకుండా కాపలా. మూర్తిగారు బండి ఆపారు.

"బాబూ, కోడూరు ఎటండీ?"

దుప్పటి కదల్లేదు. హారను. మళ్లీ హారను. దుప్పటి లేచి కూర్చుంది.

"ఎవురదీ?"

"కోడూరు ఎటండీ?"

"తిన్నగా ఎల్లిపోండి. అవనిగడ్డ తగులుద్ది, అక్కడ అడగండి."

"తిన్నగా అంటే ఎటు తిన్నగా? ఇటా, అటా?"

"అటు బందరండీ బాబూ! మీరు అట్నించేగా వచ్చింది?"

"అవునా? ఇది బందరు రోడ్డా?"

ఇక ఆ మనిషి లేవక తప్పలేదు. మా జిల్లాలో దారి అడిగితే చెప్పకుండా ఉండే మనిషి ఇంకా పుట్టలేదు. చెప్పడమంటే వేలు చూపించడం కాదు. లేవాలి. లుంగీ సర్దుకోవాలి. రోడ్డు మధ్యకి రావాలి. రెండువైపులా చూడాలి. ఆ పైన అసలు ప్రశ్న ఒకటుంటుంది.

"ఎవరింటికండీ?"

"కొండయ్యగారింటికి" అన్నారు మూర్తిగారు తడుముకోకుండా.

"ఏ కొండయ్య? రొయ్యల చెరువుల కొండయ్యా, మిల్లు కొండయ్యా?"

"పొడుగ్గా ఉంటారు."

"మిల్లు కొండయ్య పొడుగు కాదే!" అని ఆ దుప్పటి మనిషి అవతలి రాశి దగ్గర మనిషిని లేపాడు. "ఒరే, కోడూరులో పొడుగు కొండయ్య ఎవుర్రా?" ఆ లేచినవాడు ఇంకొకరిని లేపాడు. ముగ్గురూ కొండయ్య ఎత్తు గురించి వాదించుకుంటూ ఉండగా మూర్తిగారు "వస్తానండీ" అని బండి కదిలించారు. ముందుకెళ్లి, ఇంకో దుప్పటి.

మోపిదేవి వచ్చేలోపు కోడూరు ఎటో పదకొండుసార్లు అడిగారు. నేను దిగి నడిచినా ముందే చేరేవాణ్ణి.

"మాస్టారూ, కోడూరులో నిజంగా కొండయ్య ఉన్నాడా?"

"ఉండకుండా ఎలా ఉంటాడండీ? కోడూరంత ఊళ్లో!"

ఆ కొండయ్య ఒకసారి ఆయన మెడకు చుట్టుకున్నాడు. మోపిదేవి దగ్గర ఒక పెద్దాయన, "కొండయ్య మా బావేనండీ! ఎటూ ఆ ఇంటికే కదా" అని రెండు ఆనపకాయలు, ఒక గుమ్మడికాయ సంచిలో వేసి బండికి కట్టేశాడు. మూర్తిగారు రెండు సాయంత్రాలు స్కూలు అయ్యాక కోడూరంతా తిరిగి కొండయ్యను వెతికారు. నలుగురు దొరికారు. ఎవరికీ మోపిదేవిలో బావమరిది లేడు. చివరికి నాలుగో కొండయ్య జాలిపడి, "పోనీ ఇలా ఇవ్వండి మాస్టారూ, ఆ బావమరిదేదో నాకే ఉన్నాడనుకుంటాను" అని తీసుకున్నాడు.

ఒక్కోసారి నిన్నటి మనిషే ఇవాళా తగిలేవాడు.

"నిన్న కూడా ఎవరో కోడూరే అడిగారండీ. ఆకుపచ్చ టోపీ ఆయన."

"నిన్న చెప్పిన దారి ఇవాళ కూడా అదేనా?" అనేవారు ఎర్ర మఫ్లరులోంచి మూర్తిగారు.

అవనిగడ్డ శివార్లో సూరయ్య టీకొట్టు దగ్గర మాత్రం దారి అడిగేవారు కాదు. రెండు టీలు తాగేవారు. సూరయ్యకు ఎడమకాలు మోకాలి కింద లేదు, కర్ర చంకలో పెట్టుకుని టీ తిరగబోసేవాడు. "ఇయ్యాల ఎంతమందిని అడిగారు మాస్టారూ?" అనేవాడు. "పద్నాలుగు." "నిన్న పదిహేడు కదండీ." "ఇవాళ మంచు తక్కువ సూరయ్యా." ఇద్దరూ క్రికెట్ స్కోరు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. సూరయ్యకు ఆట పట్టించడం అలవాటనుకున్నాను.

నేను చదువుకున్నవాణ్ణి. చదువుకున్నవాడికి ఏదైనా అర్థం కాకపోతే ఊరుకోలేడు, సిద్ధాంతం చేస్తాడు. స్టాఫ్‌రూములో చేశాను. దారి అడగడం మధ్యతరగతి ఒంటరితనానికి లక్షణమన్నాను. తెలిసిన ఊరిని తెలియదనడం ఉద్యోగం మీద లోలోపలి తిరుగుబాటన్నాను. అందరూ నవ్వారు. నవ్వితే నాకు ఇంకా చెప్పాలనిపిస్తుంది.

అందుకని మూడో చలికాలం మొదట్లో, ఆయన వెనక కూర్చుని, ఆయన భుజం మీదుగా ఫోను పెట్టి వీడియో తీశాను. నలభై సెకన్లు. ఆకుపచ్చ మంకీక్యాపు, హారను, దుప్పటిలోంచి తిట్లు, పొడుగు కొండయ్య, అన్నీ పడ్డాయి. దాని కింద ఒక వాక్యం రాశాను: "కోడూరులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న మాస్టారు కోడూరుకు దారి అడుగుతున్న వైనం." ఆ వాక్యం బాగా కుదిరిందని నాకు గర్వంగా కూడా ఉండింది. స్నేహితుల గ్రూపులో పెట్టాను. మన పన్నెండుమందే కదా అనుకున్నాను.

పన్నెండుమందికీ తలా ఆరు గ్రూపులున్నాయి. సాయంత్రానికి చల్లపల్లి చూసింది. మర్నాటికి దివిసీమ చూసింది. మూడో రోజున కూరగాయల మనిషి మా ఇంటి ముందు బండి ఆపి నాకే చూపించాడు. "ఎవరో మాస్టారంటండీ, పాపం." స్కూల్లో పిల్లలు మూర్తిగారు బోర్డువైపు తిరగ్గానే "కోడూరు ఎటండీ?" అనేవారట. ఆయన తిరక్కుండానే "ఇంటూ రెండు చేసి, ఎడమవైపుకి తీసుకెళ్లండి" అని లెక్క పూర్తి చేసేవారట.

రోడ్డు మీద ఆట మారిపోయింది. హారను కొడితే దుప్పటి లేవడం మానేసింది. ముసుగులోంచే జవాబు. "ఎల్లండి మాస్టారూ, తిన్నగానే. కొండయ్యని అడిగానని చెప్పండి." ఎర్ర మఫ్లరూ పనిచెయ్యలేదు, శాలువా కూడా. ఆయన ఇంకోసారి అడిగేవారు. "మీరు కోడూరు మాస్టారేగా, మాకు తెలుసండీ, పొండి" అని వాళ్లు అటు తిరిగి పడుకునేవారు. బండి మీద ఆయన వీపు ముందెన్నడూ లేనంత వంగింది. నేను చలివల్ల అనుకున్నాను.

ఇంట్లో వాళ్లావిడ కనకమహాలక్ష్మిగారు ఆ వీడియోను వదినగారి ఫోనులో చూశారు. చూసి నా దగ్గరకే వచ్చారు.

"తమ్ముడూ, నిజం చెప్పు. నువ్వు రోజూ ఆయన వెనకే వెళ్తున్నావు. ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

"నేను ఎక్కిన రోజునుంచీ ఉంది అక్కయ్యగారూ."

"వేసవిలో?"

"వేసవిలో లేదు."

"సీజనల్ మతిమరుపు ఉంటుందా తమ్ముడూ?" అని ఏడ్చేశారు. ఆ వీడియో తీసింది ఎవరని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకూడదని మా విద్యార్థులకు నేనే చెబుతాను.

ఆవిడ తమ్ముడు అభినవ్ గుడివాడలో డాక్టరు. ఆదివారం కారు మాట్లాడి ముగ్గురం వెళ్లాం. అభినవ్ మొదట మామూలుగా, "బావగారూ, వంద నుంచి ఏడు తీసేసుకుంటూ చెప్పండి" అన్నాడు.

"తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది..." మూర్తిగారు మొదలుపెట్టారు. రెండు దాకా వచ్చారు. ఆగలేదు. "మైనస్ ఐదు, మైనస్ పన్నెండు, మైనస్ పందొమ్మిది..." మైనస్ నలభై దగ్గర అభినవ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సరే. గడియారం బొమ్మ వేసి పదీ పది చూపించండి."

వేశారు. వేసి, "చిన్నముల్లు సరిగ్గా పది మీద ఉండదు అభినవ్. ఐదు డిగ్రీలు ముందుకు జరుగుతుంది. మీ గోడ గడియారంలో జరగలేదు. బాగు చేయించు" అన్నారు.

అభినవ్ బయటికొచ్చి, "అక్కా, బావగారికి మతి అవసరానికి మించి ఉంది" అన్నాడు. కనకమహాలక్ష్మిగారు ప్రాణం కుదుటపడి, వచ్చేటప్పుడు పూలు కొనుక్కుంటానన్నారు. కారు ఆపాం. ఆవిడ మూర వేయించుకుని తిరిగేసరికి, మూర్తిగారు రోడ్డుకవతల ధాన్యం లారీ వెనకచక్రం దగ్గర వంగి ఉన్నారు. అక్కడ ఒక ముఠా కూలీ నీడన పడుకుని ఉన్నాడు.

"బాబూ, బందరు ఎటండీ?"

పూలు కింద పడ్డాయి.

ఆ సాయంత్రమే బండి తాళంచెవి ఆవిడ చిలకలపూడి గాజుల పెట్టెలో, ఎనిమిది జతల కింద, దాక్కుంది. మూర్తిగారు బస్సు మనిషయ్యారు. నేను కొత్త బండి కొనుక్కున్నాను. బస్సులో ఆయన డ్రైవరు వెనకసీట్లో కూర్చుని, అద్దానికి ముక్కు ఆనించి, "డ్రైవరు గారూ, హారను... డ్రైవరు గారూ, ఎడమవైపు, హారను" అంటూ వెళ్లేవారని విన్నాను. నాలుగో రోజున డ్రైవరు, "మాస్టారూ, కావాలంటే మీరు నడపండి, నేను పడుకుంటాను" అన్నాడట.

ఒక ఉదయం ఆయన గోడ మీద నుంచి పిలిచారు. చేతిలో ఎర్ర మఫ్లరు.

"లెక్చరరు గారూ, చిన్న సాయం. చల్లపల్లి దాటాక కాస్త దారి అడుగుతూ వెళ్తారా? ఊరికే. మీకు వీలైతే."

నేను బండి మీదున్నాను. హెల్మెట్టు పెట్టుకున్నాను. నవ్వాను కూడా.

"నాకు దారి తెలుసండీ" అన్నాను.

ఈ మాట రాయడానికి మూడుసార్లు పెన్ను కింద పెట్టాను. ఆయన మఫ్లరు మడతపెట్టి లోపలికి తీసుకెళ్లారు.

వారం తిరక్కుండా, పాత అలవాటు కొద్దీ ఐదింటికే బయల్దేరి, మోపిదేవి దాటాక, నాకు తెలిసిన దారిలో వెళ్తున్నాను. కొత్తబండి లైటు మంచును వెలిగిస్తోంది తప్ప రోడ్డును వెలిగించడం లేదు. రాయి కనబడింది. పక్కకు తిప్పాను. ముందుచక్రం ధాన్యం మీదకెక్కింది. ధాన్యం మీద చక్రం నిలవదు, గోళీల మీద కాలేసినట్టే. బండి ఒకవైపు, నేను ఒకవైపు. బండి అలా జారుకుంటూ జారుకుంటూ వెళ్లి ఒక దుప్పటికి జానెడు దూరంలో ఆగింది. ఇంజను ఆగిపోయింది. చక్రం తిరుగుతోంది.

దుప్పటి తొలగింది. ఒక మొహం తిరుగుతున్న చక్రాన్ని చూసింది, నన్ను చూసింది. నిద్రమత్తులోనే అడిగింది:

"ఎటెళ్లాలండీ?"

నేను నోట్లోంచి వడ్లగింజలు ఉమ్ముకుంటున్నాను.

ఆ మనిషి పేరు దుర్గారావు. నన్ను లేపి, మోచెయ్యి కడిగి, పసుపు లేదని తన తువ్వాలు చింపి కట్టాడు.

"రోడ్డు మీద పడుకుంటారేంటండీ!" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"పొలం తడి కదండీ. తారు ఎచ్చగా ఉంటది. మాటొచ్చింది కాబట్టి చెప్తన్నా, కోడూరు మాస్టారని ఒకాయన ఉండేవాడండీ. రోజూ ఈ ఏళకే వచ్చి లేపేవాడు. తిక్కమనిషిలెండి. కానీ ఆయనొచ్చి ఎల్లాక ఇంక నిద్దర పట్టేది కాదు. లేచి రాశికి అటుపక్కకి పోయేవాణ్ణి. ఇప్పుడు ఆయన రావట్లేదు, నేను లేవట్లేదు."

"ఎందుకు రావట్లేదు?"

"వీడియో వచ్చింది కదండీ, మీరు చూళ్లేదా? బండెనకాల కూకున్న ఎదవెవడో తీశాడంట."

"చూశాను" అన్నాను.

ఆ రోజు కాలేజీకి వెళ్లలేదు. సూరయ్య కొట్టు దగ్గర రెండు టీలు తాగాను. అతని కాలు సంగతి ఇన్నేళ్లకు మొదటిసారి అడిగాను. ఏడేళ్ల కిందట, డిసెంబరులోనే, రాశి పక్కన పడుకుని ఉండగా తెల్లవారుజామున ఏదో వ్యాను ఎక్కిపోయిందట. "మాస్టారే ఆస్పత్రిలో ఎనిమిది రోజులు కూకున్నారండీ. నేనెవరో ఆయనెవరో. ఆ ఏడాదినుంచే ఆయనకి దారి తెలవడం మానేసింది" అని నవ్వాడు సూరయ్య.

సాయంత్రం గోడ దూకకుండా, మర్యాదగా గేటు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. మూర్తిగారు వసారాలో పేపర్లు దిద్దుతున్నారు. నా మోచెయ్యి చూశారు.

"ఎక్కడ?"

"మోపిదేవి దాటాక."

"మనిషికి?"

"తగల్లేదు. జానెడు."

ఆయన పెన్ను మూత పెట్టారు.

"వీడియో తీసింది నేనే మాస్టారూ."

"తెలుసండీ. కెమెరా ఎత్తు, నా కుడిభుజం పడిన కోణం చూస్తే తెలీదూ? వెనక కూర్చున్నవాడు తప్ప తియ్యలేడు. లెక్కల మాస్టార్ని కదా."

"మరి నన్ను అడగలేదే?"

"నేను దారి తప్ప ఇంకేమీ అడగనండీ."

అప్పుడు నిజంగా భూమిలోకి దిగిపోదామనిపించింది. చిలకలపూడి వసారాలు గచ్చు, దిగడానికి వీల్లేదు.

"సూరయ్య చెప్పాడు. ఆస్పత్రిలో కూర్చున్నారట."

"అతనికి సగమే తెలుసు" అన్నారు మూర్తిగారు, గొంతు తగ్గించి. "ఆ రోజు అతన్ని ముందు నేనే చూశానండీ. తారు మీద పడుకున్నాడు. స్పెషల్ క్లాసుకి టైమైపోతోంది. పక్కనుంచి తిప్పుకుని వెళ్లిపోయాను. వెనకవాడు తిప్పుకోలేదు. నాకు చప్పుడు వినబడింది."

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కనకమహాలక్ష్మిగారు వింటున్నారు.

"మర్నాటినుంచి ఆపి చెప్పడం మొదలుపెట్టాను. 'బాబూ, రోడ్డు మీద పడుకోకండి, ప్రమాదం' అని. వాళ్లు 'అలాగేనండీ' అని మళ్లీ పడుకున్నారు. మంచిమాటకి ఎవరూ లేవరండీ. దారి అడిగితే లేస్తారు. దారి చెప్పాక తిడతారు. తిట్టాక ఇక నిద్రపట్టదు. కాకపోతే, నాకు నిజంగా తెలీదని వాళ్లు నమ్మాలి. తెలిసినవాణ్ణని తెలిస్తే లేవరు."

వేషాలు అందుకు. కొండయ్య అందుకు. గుడివాడ లారీ చక్రం అందుకు. చలికాలానికొకసారి పోయే మతి అందుకు. ఇవన్నీ ఒక్కొక్కటే నా బుర్రలోకి వచ్చి కూర్చుంటున్నాయి. పీహెచ్‌డీ ఉన్న బుర్ర కనక కాస్త ఆలస్యమైంది.

కనకమహాలక్ష్మిగారు బయటికొచ్చారు. చేతిలో గాజుల పెట్టె.

"పిచ్చెక్కిందని నెలరోజులు ఏడ్చాను! చెప్పి చావొచ్చుగా మనిషీ!"

"నీకు చెబితే మీ వదినకి చెబుతావు. మీ వదినకి చెబితే..."

"అందుకని పిచ్చివాడిలా తిరుగుతారా?"

"మతి ఉన్నవాడిలా ఏడేళ్ల కిందట తిరిగానే" అన్నారాయన.

ఆవిడ ఎనిమిది జతల గాజులూ ఒక్కొక్కటే బయటపెట్టి, అడుగునుంచి తాళంచెవి తీసి, నా వైపు తిరిగారు. "ఆయనకివ్వను. నువ్వు నడుపు. ఆయన వెనక కూర్చుంటారు. వీడియో తీసే సీటు ఇకనుంచి ఆయనది." గోడకవతలి మనుషులకు అన్నీ తెలుస్తాయి. కోణం లెక్కలు కూడా అక్కర్లేదు.

మర్నాడు ఐదింటికి ఎర్ర మఫ్లరు నేను చుట్టుకున్నాను. ఎక్కాలు ఆయన చదివారు, కిక్కులు నేను కొట్టాను. చల్లపల్లి దాటాక మొదటి దుప్పటి. ఆపాను. హారను కొట్టాను. పాతికేళ్లుగా క్లాసుల్లో మాట్లాడుతున్నవాణ్ణి, ఒక దుప్పటి ముందు నోరు రాలేదు. తెలియదని చెప్పుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు.

"కోడూరు అనకండి" అని వెనకనుంచి గుసగుస. "అది పోయింది. గుడివాడ అడగండి."

"గుడివాడ అటెక్కడో కదండీ!"

"అందుకే."

"బాబూ, గుడివాడ ఎటండీ?" అన్నాను.

దుప్పటి ఎగిరిపడింది. "గుడివాడా? గుడివాడ ఇటెక్కడండీ! ఎక్కడ తప్పారు మీరు? ఒరే నతానియేలూ, లెగరా, గుడివాడ ఎల్లాల్సినోళ్లు సముద్రంలోకి పోతన్నారు!" నతానియేలు లేచాడు. ఇంకో నలుగురు లేచారు. ఒకాయన పుల్లతో రోడ్డు మీద మ్యాపు గీశాడు. ఒకాయన మా ఇద్దరి చదువులూ అడిగాడు. చెబితే, "అదే మరి" అన్నాడు. పావుగంట తిట్టారు. మేం బయల్దేరేసరికి ఆ అరమైలులో తారు మీద ఒక్క దుప్పటి లేదు.

"కోడూరుకన్నా ఇదే బాగుందండీ" అన్నారు మూర్తిగారు, ఎంతో సంతోషంగా. ఆ చలికాలంలో ఆయన వీపు నిటారుగా ఉండటం ఆ రోజే. నాకు కనబడలేదు, ఆయన వెనక ఉన్నారు. కానీ నా వీపుకు తెలిసింది.

సూరయ్య కొట్టు దగ్గర దుర్గారావు టీ తాగుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు, వెనక దిగిన మనిషినీ గుర్తుపట్టాడు. నన్నూ ఆయన్నీ, ఎవరు ఏ సీట్లో ఉన్నామో మార్చి మార్చి చూశాడు. అతనికి అంతా అర్థమైంది. "ఎదవ అన్నానండీ ఆ రోజు" అన్నాడు నెమ్మదిగా. "కరెక్టే అన్నావు" అన్నాను. సూరయ్య రెండు టీలు పోశాడు, ఒకటి నాకు.

జనవరిలో నా ఫోనుకు ఒక వీడియో వచ్చింది. ఎర్ర మఫ్లరు చుట్టుకున్న ఒక పెద్దమనిషి మంచులో నిలబడి, "గుడివాడ అంటే అటు తిన్నగానా, ఇటు తిన్నగానా?" అని అడుగుతున్నాడు. కింద ఎవరో రాశారు: "వీళ్లు ఇంకో రకం." వాక్యం నాదానికన్నా పొట్టిగా, బాగుంది. మర్నాడు క్లాసులో వెనకబెంచీ నుంచి "సార్, గుడివాడ ఎటండీ?" అని వినబడింది. బోర్డువైపే తిరిగి పాఠం చెప్పుకుంటూ పోయాను. మూర్తిగారి దగ్గర అది కూడా నేర్చుకున్నాను.

ఈ వ్యాసం అచ్చుకు పంపేముందు ఆయనకు చూపించాను. ఇది చదివితే గుట్టంతా బయటపడుతుందేమో, మళ్లీ ఎవరూ లేవరేమో, మానేద్దామా అన్నాను. నిజంగానే భయపడ్డాను, ఒకసారి చేసిన పని కాబట్టి.

ఆయన రెండు అచ్చుతప్పులు దిద్ది ఇచ్చారు.

"ఏం ఫర్వాలేదండీ. వీడియో అయితే చూస్తారు గాని, మీ వ్యాసాలు ఎవరు చదువుతారు?"

గేటు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు.

"అయినా జాగ్రత్తకి, ఊరిపేరు మార్చెయ్యండి."

మార్చాను. మేం ఇప్పుడు అడుగుతున్నది గుడివాడ కాదు.